చూరు కింద ఊలు సంచి

ఇప్పుడు ఊలు ఉండ చుట్టాలంటే నాకు కుర్చీ కావాలి. ప్లాస్టిక్ కుర్చీని తలకిందులుగా పెట్టి, దుకాణం నుంచి తెచ్చిన ఊలు లడిని దాని కాళ్లకు తగిలించి, చుట్టూ తిరుగుతూ కొస నుంచి చుట్టుకుంటూ వస్తాను. ఇంతకుముందు ఆ పని మా ఆయన మోకాళ్లు చేసేవి.

ఆయన పేరు కనకయ్య. జనగామ మార్కెట్‌లో కాంటా పని చేసేవాడు. పత్తి రోజుల్లో తలనిండా దూది, వడ్ల రోజుల్లో ఒంటినిండా దురద. సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ తాగి, మంచం మీద కూర్చుని మోకాళ్లు రెండూ ఎడంగా పెట్టి, "ఇగ తగిలియ్యి" అనేవాడు. లడి తగిలించేదాన్ని. నేను ఏ వైపు లాగితే ఆ వైపు మోకాలు వంచేవాడు, దారం బిగుసుకోకుండా. అలా వంచుతూనే ఆ రోజు ఎవరి పత్తి తడిగా ఉందన్నారో, ఎవరు ఎవరితో కొట్లాడారో అంతా చెప్పేవాడు.

కుర్చీ ఏమీ చెప్పదు. దానికి ఒక కాలు వంకర. సగం చుట్టేసరికి లడి జారి చిక్కుపడుతుంది. చిక్కు తీస్తూ కూర్చుంటే పొద్దు పోతుంది. పొద్దు పోవడమే కావాలి కాబట్టి ఆ కుర్చీని మార్చలేదు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. అల్లడం అంతకంటే ముందే వచ్చింది. మా పుట్టిల్లు దేవరుప్పుల. పక్కింటి సారమ్మ మిషన్ దవాఖానలో ఆయా. పుట్టిన పిల్లలకు టోపీలు అల్లి క్రిస్మస్‌కు పంచేది. నేను ఆమె గడప మీద కూర్చుని చూసేదాన్ని. ఒకరోజు పాత సైకిల్ చక్రంలోంచి రెండు పుల్లలు ఊడదీసి, బండకు రాసి మొనలు చేసి, నా చేతిలో పెట్టింది.

"సీదా ఒకటి, ఉల్టా ఒకటి. గింతే బిడ్డా. మిగిలిందంత ఓపికనే," అంది.

దారం వెనక ఉంచి అల్లితే సీదా, ముందుకు తెచ్చి అల్లితే ఉల్టా. ఆ రెండింటితోనే ఇన్నేళ్లూ గడిపాను.

మా వైపు చలి ఎన్నాళ్లో ఉండదు. ఎండాకాలంలో అల్లుతుంటే చేతులకు చెమట పట్టి ఊలు పుల్లకు అతుక్కుంటుంది. పౌడరు రాసుకుని అల్లాలి. వాడకట్టు ఆడవాళ్లు పోతూ పోతూ, "గీ ఉడుకపోతల స్వెటర్లు ఎవలకే తల్లీ, ఎండకా?" అని ఒక మాట విసిరి పోతారు. వాళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లలందరి నెత్తి మీదా మొదటి టోపీ నాదే. అది వాళ్లకూ తెలుసు, అందుకే విసిరినా నాకు తగలదు.

నాకు తగిలేది ఊలు దుకాణదారు మాట. ఒకసారి దొరికిన రంగు రెండోసారి దొరకదు. "గదే నీలం అక్కా, మంచిగ సూడు," అంటాడు. ఇంటికి తెచ్చి వాకిట్లో పక్కపక్కన పెడితే ఒకటి ఆకాశం, ఒకటి పలక. ఇక వరుస మధ్యలో ఉన్నప్పుడే ఫోను మోగుతుంది, అప్పుడే కుక్కరు కూస్తుంది. లేచి వచ్చేసరికి పుల్ల మీంచి ఒక కుట్టు జారి ఉంటుంది. జారిన కుట్టు ఉన్నచోట ఆగదు. నిచ్చెన దిగినట్టు మెట్టు మెట్టుగా అడుగుదాకా దిగిపోతుంది.

అందరికీ అల్లాను కానీ మా ఆయన నా స్వెటర్ ఎన్నడూ వేసుకోలేదు. పెళ్లైన కొత్తలో ఒకటి అల్లి ఇస్తే, "నేనేమన్న మంచుకొండ మీద ఉన్ననా," అని దాన్ని తీసుకుపోయి రేడియోకు తొడిగాడు.

"రేడియోకు చలి పెడుతుందా?" అన్నాను.

"దానికి గొంతు పట్టుకుంటది. నాకు గొంగడి ఉన్నది," అన్నాడు.

ఆ రేడియో ఆ స్వెటర్‌లోనే ముసలిదై పోయింది.

పోయిన వానాకాలం ఆయనకు ఊపిరి ఆడలేదు. ఏళ్లుగా లోపలికి పోయిన దూది, దుమ్ము అన్నారు. వరంగల్ దవాఖానలో చేర్చాం. అక్కడ ఫ్యాను గాలికి కూడా వణికేవాడు. ఒకరోజు తనంతట తానే అన్నాడు.

"వనజా, నాకొకటి అల్లరాదు. చేతులు పెట్టకు. సూదులు గుచ్చుతరు, చేతులుంటె వాళ్లకు తిప్పలు."

నన్ను నోరు తెరిచి ఆయన అల్లమని అడిగింది అదొక్కటే. ఆ సాయంత్రమే నీలం ఊలు తెచ్చి మొదలుపెట్టాను. ఆయన పడుకునే ఉండేవాడు కాబట్టి మోకాళ్లు లేవు. ఉండను దుప్పటి మీద పెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకునేవాడు. నేను లాగినప్పుడల్లా వేళ్లు వదులు చేసి దారం ఇచ్చేవాడు. నిద్ర పడితే వేళ్లు బిగిసేవి, దారం ఆగేది. నేనూ ఆపేదాన్ని. కాసేపటికి కళ్లు తెరిచి, "ఏందే, దుకాణం బంద్ పెట్టినవా?" అనేవాడు.

వెనక భాగం అయిపోయాక కొలత సరిపోతుందో లేదో అని ఆయన రొమ్ము మీద పరిచి చూశాను. మా వదినె కొమురమ్మ అన్నం గిన్నె పట్టుకుని అప్పుడే వచ్చింది. ఆమె ఆయనకు అక్క.

"అబ్బో, పెండ్లిపిలగాని లెక్కున్నవ్ తమ్మీ. బాసింగం ఒక్కటె తక్కువ," అంది.

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

ముందు భాగం చంక దాకా వచ్చింది. అక్కడ ఆయన పోయాడు.

పుల్లలు అల్లికలోనే ఉంచి, ఉండతో సహా గుడ్డసంచిలో పెట్టి ఇంటికి తెచ్చాను. ఆయన అంగీలు తగిలించే మేకుకే తగిలించాను. ఏది ఎక్కడ పెడుతున్నానో తెలియని రోజులవి.

దినాలు అయిపోయాయి. మాలో పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచరు. బట్టలు ఉతికే ఇంటివాళ్లకు ఇచ్చేస్తారు. అది వాళ్ల హక్కు. అలా ఒకసారి గడప దాటింది మళ్లీ లోపలికి రావద్దు. దినాల తర్వాత మా తమ్ముడు వచ్చి నన్ను నిద్రకు దేవరుప్పుల తీసుకుపోయాడు. చావు జరిగిన ఇంటి మనిషి పుట్టింట్లో నిద్ర చేసి రావాలి. నేను అక్కడ ఉండగా వదినె ఇల్లంతా కడిగి, సున్నం వేసి, ఆయనవన్నీ మూటగట్టి సోమక్కకు ఇచ్చేసింది. సోమక్క మా అత్తగారి కాలం నుంచీ మా బట్టలు ఉతికిన మనిషి.

నేను తిరిగొచ్చి గోడ వైపు చూశాను. మేకు ఒక్కటే ఉంది.

"అన్ని సర్దిన వనజా. నువ్వుంటె ఒక్కొక్క అంగి పట్టుకోని కూసుంటవని, నువ్వు లేనప్పుడే పంపిన," అంది వదినె.

ఆమె గోళ్లలో ఇంకా సున్నం ఉంది. ఆ వయసులో మోకాళ్ల నొప్పులతో గోడలన్నీ ఆమే రుద్దింది. ఆ గోళ్లు చూశాక సంచి మాట ఎత్తలేదు. "మంచిపని చేసినవ్ వదినె," అన్నాను.

మా బిడ్డ అలేఖ్యను మానుకోటలో ఇచ్చాం. ఇప్పుడు కడుపుతో ఉంది. పుట్టబోయేవాళ్లకు టోపీ అల్లుదామని కుర్చీ కాళ్లకు పసుపు ఊలు తగిలించాను. ఒక వరుస అల్లడం, తప్పు పోవడం, విప్పడం. మళ్లీ అల్లడం, మళ్లీ విప్పడం. సీదా, ఉల్టా అన్నవి కూడా చేతికి గుర్తు రాలేదు. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచేదాన్ని. ఆ సంచి ఏ పిల్లల చేతిలో పడిందో, ఎవరు పుల్లలు లాగారో అన్నదే లోపల తిరిగేది. పుల్ల ఒక్కటి లాగితే చాలు, ఆయన చేతి కింది నుంచి వచ్చిన వరుసలన్నీ ఒక్క గుంజుకు దారమైపోతాయి.

వదినె చూస్తూ చూస్తూ ఒకరోజు అడిగింది. "అల్లుతున్నవా, ఇప్పుతున్నవా?"

"సంచి," అన్నాను.

"ఏ సంచి?"

"మేకుకు ఉండె. నీలం ఊలుది."

వదినె గోడ మేకు వైపు చూసింది. తర్వాత నేల మీద కూర్చుంది. "అంగీల కింద ఉండెనే అది. వానిదే అనుకున్న. నువ్వన్న జెప్పకపోతివి. గింత నోరులేని మనిషిని నేనెక్కడ సూడలె."

"నువ్వు సున్నం ఏసినవ్ గద," అన్నాను.

"సున్నానికి, దీనికి ఏం సంబంధమే," అని కళ్లు తుడుచుకుంది.

అడిగి తెచ్చుకుందాం అంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. "పోయినోని బట్ట మళ్ల గడప లోపటికి రావద్దు వనజా. నీ సంగతి ఇడువు. పిల్ల కడుపుతోని ఉన్నది. ఆమె కాన్పుకు రావాల్సింది గీ ఇంటికే. రేపు ఏదన్న అయితే నువ్వే ఏడుస్తవ్." అది కూడా నిజమే. నాకూ ఆ భయం ఉంది. లేదంటే ఎప్పుడో అడిగేదాన్ని.

రాత్రి ఆలోచించుకుందో ఏమో, పొద్దున చాయ తాగుతూ తనే ఒక దారి చెప్పింది. "బట్టయితే రావద్దు. దారానికేం దోషం? ఆడనే కూసోని మొత్తం ఇప్పు. ఊలు జేసి, పసుపు నీళ్లల్ల ముంచి తెచ్చుకుందాం. మళ్ల కొత్తగ అల్లుకో."

ఊలు నాకెందుకు. ఊలు దుకాణంలో ఉంది. నాకు కావలసింది ఆ వరుసలు. కానీ ఆమె అంతదూరం వచ్చింది కాబట్టి, నేను తల ఊపాను. ముందు అది ఉందో లేదో చూడాలి కదా.

సోమక్క ఇంటికి పోతే ఆమె కొడుకు, "అమ్మ ఘనపురం పోయింది, చెల్లె కాన్పయింది. ఏదో సంచి గూడ పట్టుకపోయింది," అన్నాడు.

మరునాడు ఇద్దరం బస్సెక్కాం. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు అడిగింది, "ఏ ఘనపురం అవ్వా? స్టేషన్ ఘనపురమా, ములుగు ఘనపురమా?"

"సోమక్క బిడ్డను ఇచ్చిన ఘనపురం," అంది వదినె.

బస్సంతా నవ్వింది. వెనక సీటు ఆయన, "ఆ ఘనపురానికి బస్సు లేదవ్వా, ఎడ్లబండే," అన్నాడు. వదినె ఆయన వైపు తిరిగి, "నీ బండి ఖాళీ ఉన్నదా మరి?" అంది. నేనే నోరు తెరిచి ములుగు అవతలిది అని చెప్పాను. హనుమకొండలో దిగి ఇంకో బస్సు ఎక్కాలి. దారి పొడుగునా వదినె మాట్లాడుతూనే ఉంది. నా ఒళ్లో చేతులు ఊరికే లేవు. చూపుడువేళ్లు బొటనవేళ్ల చుట్టూ తిరుగుతున్నాయి, దారం లేకుండానే.

సోమక్క బిడ్డ ఇల్లు ఊరి చివర. పెంకుటిల్లు. లోపల పచ్చి బాలింత. చావు ఇంటినుంచి వచ్చినవాళ్లం కాబట్టి మేం వాకిట్లోనే ఆగి పిలిచాం. సోమక్క బయటికి వచ్చింది. నన్ను చూసి నా రెండు చేతులూ పట్టుకుంది.

"సన్నబడ్డవ్ బిడ్డా. సంచి కోసమేనా?"

నేను అడగకముందే అంది. తల ఎత్తి చూపించింది. చూరు కింద, వాసానికి తాడుతో వేలాడుతోంది నా గుడ్డసంచి. వాన తడపకుండా దాని మీద పాలిథిన్ కవరు తొడిగి ఉంది.

"లోపటికి తీసుకపోలె," అంది సోమక్క. "జనగామల గూడ ఇంట్ల పెట్టలె, బయట దండేనికే ఉంచిన. ఆడ ఇడిసిపెట్టి వస్తే మనవలు పుల్లలు గుంజుతరని ఎంబడి తెచ్చుకున్న. పురుడు అయినంక నేనే తెచ్చిద్దామనుకున్న."

"మరి ఎందుకు తీసుకోలె?" అంది వదినె. "మూటల ఇచ్చినం గద. నీ హక్కు."

"మూట ఇప్పుతుంటె చేతికి పుల్ల గుచ్చుకున్నదమ్మా. సూస్తె సగం పని. పొయ్యి మీద అన్నం సగం ఉడుకుతుంటే కుండ దించుకపోతమా? ఎవలో మర్సిపోయి ఏసిన్రు అనుకున్న."

బల్ల మీద నిలబడి తాడు విప్పి కిందికి దించింది. సంచి తెరిచింది. పుల్లల రెండు మొనలకూ పాత చీర పీలికలు చుట్టి, కుట్లు జారకుండా గట్టిగా ముడి వేసి ఉంది. పుల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడిమాను. ఒక్క కుట్టు కూడా జారలేదు.

అప్పుడు వదినె గొంతు సవరించుకుంది. "ఉండు వనజా. సోమక్కా, నువ్వు మంచిదానివి, కాదనను. గని ఇది పోయినోని మూటల కలిసి గడప దాటింది. బట్టగ తీసుకపోవద్దు. ఈడనే ఇప్పి, ఊలుగ తీసుకపోతం."

సోమక్క ఆమె వైపు వింతగా చూసింది. "ఎందుకు ఇప్పాలె? ఒంటికి ముట్టిందే మాకొస్తది. ఒంటికి ముట్టంది మూటల ఉన్నా మాది కాదు. మాది కానిది ఇచ్చినట్టు ఎట్లయితది? నేను తీసుకోనే లేదాయె."

తర్వాత నా వైపు తిరిగింది. "ఏం బిడ్డా. మీ ఆయన ఒంటి మీద పెట్టినవా దీన్ని, ఎన్నడన్న?"

దవాఖాన మంచం మీద, ఆయన రొమ్ము మీద, ఈ నీలం పరిచి ఉన్నది నాకు ఇప్పుడు చూసినట్టే కనిపించింది. పెట్టాను అంటే ఈ వాకిట్లోనే కూర్చుని మొత్తం విప్పాలి. పెట్టలేదు అనడం నాకు రాదు. పుల్లలు రెండూ పిడికిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"పెట్టలె," అంది వదినె.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. చూరు వైపు చూస్తోంది.

"దారంతోని కొలిచింది. నేను ఆడనే ఉన్న," అంది.

"గట్లయితె ఇంకేం పరేషాన్. తీసుకపో బిడ్డా," అని సోమక్క సంచిని రెండు చేతులతో నాకు ఇచ్చింది. "కూలి మాత్రం ఇయ్యాలె. నా మనవరాలికి ఒక టోపీ. ఎర్రది. చెవులు మూసుకునేటట్టు."

లోపల నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. సన్నగా, కొత్తగా. "అగో, సొంత నోటితోని అడుగుతున్నది," అని సోమక్క నవ్వుకుంటూ లోపలికి పోయింది.

హనుమకొండ బస్టాండులో దిగేసరికి నాకు ఆకలి వేసింది. ఆకలి అన్నది ఒకటి ఉందని ఆ రోజే గుర్తొచ్చింది. వదినెకు చెప్తే పోయి మిర్చి బజ్జీలు తెచ్చింది. బెంచీ మీద కూర్చుని తిన్నాం. కారానికి ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరివి దేనివో ఒకరినొకరం అడగలేదు.

జనగామ బస్సులో కూర్చున్నాక వదినె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "వాడుంటె నవ్వి నవ్వి సచ్చేటోడు. మా అక్కకు అబద్ధం గూడ వచ్చా అని."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పట్టుకునుడు కాదు," అంది. "నా అబద్ధం నేను దేవునికి చెప్పుకుంట. నువ్వు మాత్రం ఇంటికి పోంగనే దాన్ని కడుగు. కుంకుడు రసంల ముంచి, పసుపు నీళ్లు చల్లి, ఎండల ఆరేయ్యి. గంతన్న చెయ్యి. పిల్ల వచ్చే ఇల్లది."

నేను తల ఊపాను.

ఇంటికి వచ్చాక కుంకుడుకాయలు తనే కొట్టి చిన్న బకెట్లో నానబెట్టింది. అది వాకిట్లో, నల్లా పక్కన పెట్టి, "ఇగ నేను మా ఇంటికి పోత. గిట్లనె ఉంటె నా ఇల్లు నన్ను మర్సిపోతది," అని చీర కొంగు దోపుకుని బయలుదేరింది. ఆయన పోయిన దగ్గర నుంచి ఆమె నన్ను వదిలి తన ఇంటికి పోవడం అదే మొదలు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, "కడుగు," అంది.

పొద్దున లేచి, వాకిలి ఊడ్చి, సంచి తీశాను. మొనలకు చుట్టిన పీలికలు విప్పాను. ఉండ చేతిలోకి తీసుకుంటే ఒక వైపు కొంచెం అణిగి ఉంది. ఆయన అరచెయ్యి పెట్టుకునే వైపు. దవాఖానలో రొమ్ముకు రాసే బామ్ వాసన అందులో ఇంకా ఉంది. ఊలు పని ఇన్నేళ్లుగా చేస్తున్నాను. ఒక్కసారి కుంకుడు రసంలో ముంచితే ఏ వాసనా మిగలదని నాకు తెలుసు. అణిగిన ఊలు మళ్లీ పొంగుతుంది. కడగడం అంటే అదే.

కుర్చీని ఈసారి నిటారుగానే పెట్టి, దాని మీద ఉండను ఉంచాను. ఎదురుగా మంచం మీద కూర్చుని వరుస మొదలుపెట్టాను. సీదా, ఉల్టా రెండూ చేతికి వాటంతట అవే వచ్చాయి. ఎవరు వేసుకుంటారన్నది ఇంకా అనుకోలేదు. ముందు చంక దగ్గర మలుపు తిప్పాలి.

వరుస మధ్యలో ఉండగా ఎప్పటిలాగే ఫోను మోగింది. వదినె.

"కడిగినవా?"

"లేదు వదినె."

"మాపటికి కడుగుతవా?"

"కడగను," అన్నాను.

ఆమె వాకిట్లో కోడి అరవడం వినిపించింది. నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, పుల్లను వదలకుండా ఆగాను.

"సరే," అంది చివరికి. "సోమక్క మనవరాలికి ఎర్ర ఊలు తెచ్చినవా మరి? చెవులు మూసుకునేటట్టు అన్నది, యాది ఉన్నదా?"

"ఉన్నది," అన్నాను.

వరుస పూర్తి చేసి బయటికి చూశాను. నల్లా పక్కన బకెట్లో కుంకుడుకాయలు ఉబ్బి పైకి తేలాయి. ఎండ వాటి మీదికి వచ్చింది. లేవలేదు. ఇంకో వరుస మొదలుపెట్టాను.